చూపు లేని రచయితకు తెలుగు పత్రిక చదవడం, రాయడం ఎలా కుదురుతుంది?

ప్రశ్న క్లుప్తంగా: విశాఖలో మీ కథకుల బృందం తెచ్చే మాసపత్రిక పీడీఎఫ్‌ను చూపు లేని సభ్యుడి ఫోన్ చదవడం లేదు. కథలు ఆడియోగా రికార్డు చేసి పంపితే చాలదా? ఆయన తన కథలు తానే టైప్ చేసుకోవాలంటే ఏం కావాలి?

ఆడియో చాలదు. వినే పాఠకుడికి అది హాయిగా ఉంటుంది. కథ రాసే మనిషికి మాత్రం ఎదుటి రచయిత పేరా ఎక్కడ మార్చాడో, ఆ మాటకు ఒత్తు ఉందో లేదో ఆగి చూసుకునే వీలుండాలి. ఆ వీలు పాఠం (టెక్స్ట్) ఉన్న ఫైలులోనే దొరుకుతుంది. అందుకే ముందు ఫైలు సంగతి చూడండి.

పీడీఎఫ్‌లోంచి ఒక వాక్యం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వస్తే డీటీపీలో (కంప్యూటర్‌లో పేజీలు కూర్చేటప్పుడు) ‘అను’ వంటి పాత ఫాంట్లు వాడారన్నమాట. వాటిలో కంటికి తెలుగు కనిపిస్తుంది, లోపల మాత్రం వేరే కోడ్ ఉంటుంది. తెరమీది అక్షరాలను పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ చదివేది ఆ కోడ్‌నే. డీటీపీ చేసినవాళ్ల దగ్గర పీడీఎఫ్ కాకుండా అసలు ఫైలు అడిగి తీసుకుని, పాఠాన్ని యూనికోడ్‌కి, అంటే ఏ పరికరమైనా తెలుగుగా గుర్తించే కోడ్‌కి, మార్చండి. మార్చాక ప్రూఫ్ చూడటం తప్పదు. ఒత్తులు చెదురుతాయి. సున్న ఉండాల్సిన చోట అంకె సున్నా దూరితే కంటికి తేడా తెలియదు గానీ, వినేవాళ్లకు మాట మధ్యలో ‘సున్నా’ అని వినిపిస్తుంది.

అచ్చు ప్రతి మాత్రమే మిగిలిన పాత సంచికలను 300 డీపీఐ స్పష్టతతో స్కాన్ చేసి, గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే పాఠం వస్తుంది. ప-ఫ, ద-ధ, డ-ఢ తారుమారవుతుంటాయి. ముందు వాటినే వెతకండి.

యూనికోడ్‌లో కూర్చినా పీడీఎఫ్‌ను నమ్ముకోవద్దు. అందులో ఉండేది తెరమీద గీసిన ఆకారాల వరుస. తెలుగులో ఒత్తులు, గుణింతాలు ఆ వరుసలో అటూ ఇటూ అవుతాయి. అచ్చుకు పీడీఎఫ్ ఉంచుకుని, ఆయనకు వర్డ్ ఫైలో, ఈపబ్ అనే ఈ-పుస్తకం ఫైలో ఇవ్వండి. కథ పేరుకు అక్షరాలు పెద్దవి చేసి ఊరుకోకుండా ‘హెడింగ్ 1’ స్టైల్ పెట్టండి. అప్పుడు ఒక్క మీటతో కథ నుంచి కథకు వెళ్లొచ్చు. పాఠం భాష తెలుగు అని ఫైలులో గుర్తించండి. లేకపోతే కొన్ని యాప్‌లు ఇంగ్లిష్ గొంతుతో చదవబోయి మాటలు వదిలేస్తాయి. శీర్షిక అందంగా ఉంటుందని అక్షరాల మధ్య ఖాళీలు పెడితే ఆ మాట ముక్కలై వినిపిస్తుంది. కవితలో పాదం చివర షిఫ్ట్‌తో ఎంటర్, చరణం అయ్యాక ఒట్టి ఎంటర్ కొడితే పాదానికీ చరణానికీ తేడా నిలుస్తుంది.

బొమ్మలకు వివరణ రాయాలి. ‘బీచ్ రోడ్డు ఫొటో’ అంటే ఆయనకు ఏమీ అందదు. ‘ఇసుక ఒడ్డున దిమ్మలపై నిలబెట్టిన కురుసుర జలాంతర్గామి, వెనక సముద్రం’ అంటే కథకు ఆ బొమ్మ ఎందుకు పెట్టారో తెలుస్తుంది. రెండు వాక్యాలు మించకండి.

ఇక రాయడం. కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ వేసుకోండి, ఉచితం. ఎన్‌వీడీఏ మీట (మామూలుగా ఇన్సర్ట్), కంట్రోల్, ఎస్ కలిపి నొక్కితే సింథసైజర్ల, అంటే పాఠాన్ని గొంతుగా పలికించే ప్రోగ్రాముల, జాబితా వస్తుంది. ఈస్పీక్ ఎన్‌జీ ఎంచుకోండి. తర్వాత ఎస్ బదులు వి నొక్కి, గొంతుల్లో తెలుగు పెట్టుకోండి. గొంతు యంత్రంలా ఉంటుంది, కానీ వేగం పెంచినా అక్షరం స్పష్టంగా తెలుస్తుంది. ప్రూఫ్ చూసుకోవడానికి నేనైతే తియ్యటి గొంతు కన్నా దీన్నే ఎంచుకుంటాను. ఆండ్రాయిడ్ ఫోన్‌లో టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడర్, గూగుల్ తెలుగు గొంతు సరిపోతాయి.

కీబోర్డు విషయంలో నా మాట గట్టిది: ఒక్కో తెలుగు గుర్తుకు ఒక్కో మీట ఉండే ఇన్‌స్క్రిప్ట్ అమరిక నేర్చుకోమనండి. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసే పద్ధతిలో సూచనల జాబితా వస్తుంది, ప్రతి మాటకూ ఆగి అది వినాలి. ఇన్‌స్క్రిప్ట్‌లో మీట మారదు, గుర్తు మారదు. అచ్చులు ఎడమచేతికి, హల్లులు చాలావరకు కుడిచేతికి వస్తాయి. వేలికి తగిలే గీతలున్న ఎఫ్ మీద గుడి, జె మీద ‘ర’ ఉంటాయి. డి మీద పొల్లు. కె, డి, జె వరుసగా నొక్కితే ‘క్ర’. విండోస్‌లో తెలుగు భాష చేర్చుకుంటే ఈ కీబోర్డు వచ్చేస్తుంది.

తడబాటు ఎక్కువగా దిద్దుకునేటప్పుడే. ‘స్త్రీ’ కంటికి ఒక్క అక్షరం, లోపల ఆరు గుర్తులు. బ్యాక్‌స్పేస్ సాధారణంగా చివరి గుర్తునే చెరుపుతుంది. డిలీట్ మొత్తం అక్షరాన్ని తీసేస్తుంది. ఈ తేడా మొదటి రోజే చెప్పండి. చెప్పకపోతే దీర్ఘం చెరపబోయి అక్షరాన్నే పోగొట్టుకుంటారు.

నోటితో చెప్పి రాయించే జీబోర్డ్ (ఫోన్‌లో గూగుల్ కీబోర్డు) మొదటి చిత్తుకి పనికొస్తుంది. సంభాషణల దగ్గర మాత్రం జాగ్రత్త. ‘ఏటి’, ‘ఎలిపోనాడు’ అని ఉత్తరాంధ్ర మాట పలికితే అది తరచూ ‘ఏమిటి’, ‘వెళ్ళిపోయాడు’ అని దిద్దేస్తుంది, పాత్ర గొంతు అక్కడే పోతుంది. కథనం నోటితో చెప్పినా సంభాషణలు ఇన్‌స్క్రిప్ట్‌లో టైప్ చేసుకోమనండి. సంచికకు పంపే ముందు, మీ ప్రూఫ్ చూసేవాళ్లు ఆ మాటలను అచ్చు తప్పులనుకుని మార్చకుండా ఫైలు పైన ఒక వాక్యం రాసి పెట్టమనండి.