సెల్లార్‌లో బండి పనికి ఎలాంటి వర్క్ లైట్ కొనాలి?

సెల్లార్‌లో బండి రిపేరుకు ఏ లైటు మంచిదని అడిగారు. వాట్లు కాదు, ల్యూమెన్లు (లైటు ఇచ్చే వెలుతురు కొలత) చూడండి. బానెట్ కింద పనికి 500 చాలు.

అంతకన్నా ముఖ్యం సీఆర్ఐ, అంటే ఆ వెలుతురులో రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె. అది 90 దాటితే ఎరుపు వైరుకీ గోధుమరంగు వైరుకీ తేడా స్పష్టంగా తెలుస్తుంది. చవక ఎల్ఈడీ కింద రెండూ ఒకేలా అనిపించి, నేనోసారి ఇండికేటర్ వైరు తప్పు కలిపాను.

అడుగున అయస్కాంతం, వంగే మెడ ఉండాల్సిందే. లేదంటే లైటు పట్టుకోవడానికి ఇంట్లో పిల్లాణ్ణి బతిమాలాలి! టైప్-సి ఉంటే ఫోన్ చార్జరే సరిపోతుంది. వానాకాలం సెల్లార్ సంగతి తెలిసిందే కాబట్టి ఐపీ65 (దుమ్ము, నీళ్ల నుంచి రక్షణ తెలిపే రేటింగ్) ఉన్నది తీసుకోండి. నీళ్లు చిమ్మినా ఫర్వాలేదు, మునిగితే మాత్రం కష్టమే.

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కొంటే, అక్కడే షాపు షట్టరుకి అంటించి ఊపి చూడండి.