తాతయ్యని మాట్లాడనివ్వు

తమ్ముడూ,

నీ కథ నిన్న రాత్రి రెండుసార్లు చదివాను. ‘తాతయ్య చాలా గ్యారులస్ మనిషి’ అని రాసి, దీనికి తెలుగులో సరైన మాటేంటండీ అని అడిగావు. మంచి ప్రశ్న.

ఇంగ్లీషులో ‘లొక్వేషియస్’ అంటే మాట్లాడటం ఇష్టమున్నవాడు, అందులో తిట్టు ఉండి తీరాలని లేదు. ‘వెర్బోస్’ రాతకీ ఉపన్యాసానికీ అతుకుతుంది. ‘గ్యారులస్’ వేరు. లాటిన్‌లో వాగడం అనే అర్థమున్న క్రియ నుంచి వచ్చింది. యూరప్ ఓక్ అడవుల్లో గోలగా అరిచే జే పిట్టకి శాస్త్రీయ నామం గార్రులస్ గ్లాండారియస్. చిన్న చిన్న సంగతులే, దారి తప్పుతూ, ఆగకుండా చెప్పేవాడన్నమాట. ముసలివాళ్ల గురించి ఈ మాట తరచుగా వాడతారు.

సంస్కృత వ్యాకరణం రాసిన పాణిని కూడా పక్కపక్క సూత్రాల్లో చక్కగా మాట్లాడే వాగ్మినీ, అతిగా వాగే వాచాలుణ్ణీ విడదీశాడు. అర్థానికి వాచాలుడు సరిపోతుంది. కానీ ఇంట్లో తాతని ఎవరైనా అలా అంటారా? వదరుబోతు అంటే కోపం. వాగుడుకాయ అంటే చనువు. వసపిట్ట అంటే ముద్దు, అది పిల్లలకి. మాటలు బాగా రావాలని వసకొమ్ము అరగదీసి పిల్లల నాలుకకి రాస్తారు కదా, అక్కణ్ణుంచి వచ్చింది. నీ కథలో మనవరాలికి తాత మీద ఉన్నది కోపమా, చనువా? ముందు అది తేల్చుకో.

నన్నడిగితే అక్కడ ఏ విశేషణమూ వద్దు. మా మేనత్త అరుగు మీద చింతపండు గింజలు తీస్తూ కూర్చునేది. కిలో ఎంతత్తా అంటే, అమ్మిన బండివాడు, వాడి పెళ్లి, ఆ పెళ్లిలో వాన, ఆ వానలో తడిసిన తన పట్టుచీర, ఆ చీర కొన్న మావయ్య... ధర మాత్రం చెప్పేది కాదు. ఎక్కడ మొదలుపెట్టినా పోయిన మావయ్య దగ్గరికే చేరేదని నాకు చాలా ఏళ్లకి అర్థమైంది. వాగుడుకాయ అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఇదంతా పోతుంది.

నీ తాతయ్య మాటలు కూడా ఎక్కడికో వెళ్తుంటాయి. అదేదో కనిపెట్టి, ఒక అరపేజీ ఆయన నోటితోనే రాయి. అరపేజీ చాలు, ఆయన ఆగకపోయినా నువ్వు ఆగాలి.

రాసి పంపు. మనవరాలు మంచినీళ్లు తేవడానికి లోపలికి వెళ్లినప్పుడు ఆయన ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడో, ఆగిపోయాడో కూడా చూసుకో.

ఆశీస్సులతో,
అన్నయ్య