మిర్చి కుండీలు డాబా ఎక్కించే ముందు

బిడ్డా,

నీ ప్లాన్ చదివాను. చపాటా, తేజ అని రెండు మిర్చి రకాలు. నీళ్లు రోజూ, మూడు రోజులకోసారి, ఆరు రోజులకోసారి. ఒక్కో రకం-నీళ్ల జతకు అయిదు చొప్పున 30 కుండీలు, కుండీకి ఒక మొక్క. టూ-వే అనోవాకు, అంటే రెండు కారణాల ప్రభావాన్ని విడివిడిగానూ కలిపీ తేల్చే గణాంక పరీక్షకు, చక్కగా కుదిరే ప్రయోగమే.

కానీ మొక్కకు పది ఆకులు కొలిచి, శాంపిల్ సైజు 300 అని రాశావు చూడు, అది కొట్టెయ్. నువ్వు నీళ్లు పోసేది కుండీకి, ఆకుకు కాదు. పది ఆకుల సగటు తీసి కుండీకి ఒకే అంకె రాయి. అప్పుడు డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (స్వతంత్రంగా మారగల అంకెల లెక్క) రకానికి 1, నీళ్లకు 2, ఇంటరాక్షన్‌కు (నీళ్లను బట్టి రకాల తేడా మారడానికి) 2, ఎర్రర్‌కు (ఒకే జత కుండీల మధ్య మిగిలే తేడాకు) 24 రావాలి. నీ 300 లెక్కన ఎర్రర్ దగ్గర 294 ఉన్నా సాఫ్ట్‌వేర్ నిన్నేమీ అనదు. వైవాలో ఎగ్జామినర్ అంటాడు.

ఏ కుండీ ఎక్కడ పెట్టాలో చిట్టీలు వేసి తేల్చు. నా ఎంఫిల్ రోజుల్లో నీళ్లు మోయడం తేలికని ఒక రకాన్నంతా వాటర్ ట్యాంకు పక్కన పేర్చాను. మధ్యాహ్నం దాటితే అక్కడంతా నీడే. మూడు నెలలకు తేడా బ్రహ్మాండంగా వచ్చింది. అది రకం వల్లా, నీడ వల్లా అని మా సార్ అడిగితే నోట మాట లేదు. మళ్లీ విత్తనాలు నానబెట్టాను.

ఫలితాల టేబుల్ రాగానే ముందు ఇంటరాక్షన్ వరుస చూడు. ఉదాహరణకు నీళ్లు తగ్గే కొద్దీ ఆకు పొడవు మిల్లీమీటర్లలో చపాటాకు 70, 65, 60. తేజకు 80, 65, 50 వచ్చిందనుకో. రెండింటి సగటూ 65. రకం వరుస చూసి ‘రకాల మధ్య తేడా లేదు’ అని రాసేస్తావు. గ్రాఫ్ గీస్తే రెండు గీతలూ కత్తెరలా దాటుకుంటాయి: తడి ఉంటే తేజది పైచేయి, ఎండితే చపాటాది. అలాంటప్పుడు నీటి స్థాయి వారీగా రకాలను విడివిడిగా పోల్చాలి. 1923లో ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో గణాంక శాస్త్రవేత్త ఫిషర్, ఆయన సహచరురాలు మెకెంజీ ఆలుగడ్డల మీద అడిగిందీ ఇదే: ఎరువు మారితే రకాల మధ్య తేడా కూడా మారుతుందా అని.

నార్మాలిటీ పరీక్ష (అంకెలు గంట ఆకారంలో పరుచుకున్నాయా అని చూసేది) రెసిడ్యువల్స్ మీద, అంటే కొలతలోంచి దాని జత సగటు తీసేస్తే మిగిలేవాటి మీద చెయ్, నేరుగా కొలతల మీద కాదు. మొక్క చనిపోతే ఇంకోటి తెచ్చి గుట్టుగా నాటకు. నీళ్లందక పోయిందా, పురుగు కొట్టిందా నోట్‌బుక్‌లో రాయి. కుండీల లెక్క సమానంగా లేకపోతే టైప్ 1, టైప్ 3 లెక్కలు (అనోవాలో ప్రభావాలను విడదీసే రెండు పద్ధతులు) వేర్వేరు జవాబులిస్తాయి, ఏది వాడావో కూడా రాయి.

చిట్టీలు వేశాక డాబా మ్యాప్ ఫోటో పంపు. ట్యాంకు ఎటువైపు ఉందో అందులో గుర్తు పెట్టు.

నీ మామయ్య,
హనుమకొండ