చెత్తతో బొమ్మలు కాదు, కాగితం చేయించండి

"ఒకటో తరగతి పిల్లలకు రీసైక్లింగ్ గురించి చేతులతో చేయించే పనులేమున్నాయి? ప్లాస్టిక్ సీసాలతో పెన్ను స్టాండ్లు చేయిస్తే సరిపోతుందా?" అని అడిగారు. సరిపోదు. చిన్న తరగతులకు చెప్పే టీచరుగా ఈ మాట గట్టిగానే చెప్తాను.

సీసాకు రంగులేసి, మెరుపుల పొడి అద్ది, జిగురుతో పూసలు అంటించాక దాన్ని మళ్లీ కరిగించి వాడటం దాదాపు అసాధ్యం. చక్కగా రీసైకిల్ కావాల్సిన సీసాను మనమే పాడుచేసి, దానికే రీసైక్లింగ్ అని పేరు పెడుతున్నాం. ఇంట్లో ఖాళీ సీసా లేదని కొత్తది కొని, లోపలున్నది పారబోసి పంపిన తల్లిదండ్రులనూ చూశాను. తీరా బడికొచ్చిన స్టాండు చూస్తే అందులో పిల్లల చెయ్యి పడిన జాడే ఉండదు, అంతా అమ్మానాన్నల పనితనమే. ఆరేళ్ల పిల్లలకు ఇంట్లో చేసుకురమ్మని ప్రాజెక్టులు ఇవ్వడం మానేస్తేనే మంచిది.

నా మాట విని కాగితం చేయించండి. వాడేసిన నోటు పుస్తకాల కాగితాలను చిన్న చిన్న ముక్కలుగా పిల్లల చేతే చింపించి, రాత్రంతా నీళ్లలో నాననివ్వండి. మర్నాడు వాళ్లు చేతులతో పిసికాక మీరు మిక్సీలో తిప్పండి. వెడల్పాటి టబ్బులో నీళ్లు పోసి ఆ గుజ్జు కలిపి, చట్రానికి బిగించిన దోమల మెష్‌ను అందులో ముంచి, వంగకుండా పైకెత్తాలి. పాత బట్ట మీద బోర్లించి, స్పాంజితో నీరు అద్ది ఆరబెడితే కాగితం తయారు.

మా తరగతిలో ఒక పాప తన వంతు కాగితాలతో పాటు ఒక పేపర్ కప్పును కూడా చింపి బకెట్‌లో వేసింది. ఏం జరుగుతుందో వాళ్లే చూస్తారని నేను ఆపలేదు. మర్నాడు పిసుకుతుంటే మిగతాదంతా మెత్తబడింది గానీ, ఆ కప్పు ముక్కల దగ్గర పల్చటి పొర ఒకటి వేళ్లకు చుట్టుకుంది. ఎంత నలిపినా కరగదు. పాప దాన్ని కిటికీ వైపు ఎత్తి పట్టుకుని "టీచర్, కప్పులో కవరుంది!" అని అరిచింది. అంతే, తరగతంతా బకెట్ చుట్టూ మూగింది. నీరు కారకుండా ఆ కప్పులకు లోపల పాలిథిన్ పూత వేస్తారని నేను చెప్పాల్సిన పనే లేకపోయింది. ఆ తర్వాత వాళ్లకు ఏ కాగితం దొరికినా మూల చింపి, పొర ఉందా లేదా అని చూడటమే పని. మెరిసే గిఫ్ట్ పేపర్లన్నీ పరీక్షకు వచ్చాయి. ఏ చార్టు ఇంత నేర్పుతుంది?

వీలైతే అలా చేసిన కాగితాన్నే మళ్లీ నానబెట్టి, ఇంకోసారి చేయించండి. తిప్పిన కొద్దీ అందులోని పీచు పొట్టిదవుతుంది. మామూలుగా ఐదు నుంచి ఏడుసార్లకు మించి ఆ పీచు పనికిరాదు, అందుకే మిల్లుల్లో కొత్త గుజ్జు కలుపుతారు. ఎంత రీసైకిల్ చేసినా కాగితం దండగ చేయకూడదని పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి సందర్భం రాదు.

ప్లాస్టిక్ గురించి చెప్పాలంటే ఒక గిన్నెడు నీళ్లు చాలు. నీళ్ల సీసా ముక్కలు, దాని మూత ముక్కలు మీరే కత్తిరించి ఇవ్వండి. గాలి బుడగలు పోయేలా నీళ్లలో నొక్కి వదిలితే సీసా ముక్క మునుగుతుంది, మూత ముక్క తేలుతుంది. రీసైక్లింగ్ ప్లాంట్లలోనూ ముక్కలు చేసిన ప్లాస్టిక్‌ను ఇలాగే వేరుచేస్తారు. సీసా అడుగున త్రికోణంలో అంకె ఉంటే అది రీసైకిల్ అవుతుందని మాత్రం దయచేసి చెప్పకండి. 1988లో అమెరికాలోని ప్లాస్టిక్ పరిశ్రమ సంఘం తెచ్చిన ఆ అంకెలు అది ఏ రకం ప్లాస్టికో చెప్తాయి, అంతవరకే. వర్క్‌షీట్లలో ఈ తప్పు కనిపించినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

రంగురంగుల డబ్బాలు పెట్టే ముందు, సాయంత్రం వాటిని ఎవరు ఎక్కడ ఖాళీ చేస్తారో కనుక్కోండి. పిల్లలు పొద్దంతా వేరుచేసినదాన్ని వాళ్ల కళ్ల ముందే ఒకే సంచిలో గుమ్మరిస్తే ఆ పాఠం అక్కడితో పోయినట్టే.

కాగితం చేశాక మిగిలిన గుజ్జు నీళ్లను సింకులో పోయకండి, గొట్టం పూడుకుపోతుంది. బట్టలో వడకట్టి, ఆ ముద్దను ఎండబెట్టి దాచుకుంటే తర్వాతి బ్యాచ్‌కు నానబెట్టుకోవచ్చు.