మొగ్గ విచ్చకముందే రాలిపోతున్న మందారం

ప్రశ్న: మేడ మీద 12 అంగుళాల కుండీల్లో ముద్ద మందారాలు పెంచుతున్నాం. మొగ్గలు బఠాణీ గింజంత అయ్యాక పసుపుబారి రాలిపోతున్నాయి. చిగుళ్లు ముడుచుకుని తెల్లని పిండి పట్టింది, చీమలూ తిరుగుతున్నాయి. పదిహేను రోజులకోసారి చెంచాడు డీఏపీ వేస్తున్నా ఫలితం లేదు. ఏం చేయాలి?
– ఒక గృహిణి, విజయవాడ

జవాబు: ముందు డీఏపీ ఆపండమ్మా. అందులోని భాస్వరం ఎక్కువైతే మందారానికి గిట్టదు. కుండీలో పేరుకుపోయి మొక్కకు ఇనుము అందనివ్వదు. లేతాకుల్లో ఈనెలు ఆకుపచ్చగానే ఉండి మధ్యభాగం పసుపుబారితే లీటరు నీటికి 5 గ్రా. అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రా. నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పిచికారీ చేయండి.

రాలిన మొగ్గలు నాలుగైదు ఏరి, గోటితో నిలువునా చీల్చి తెల్లకాగితం మీద దులపండి. లేత పసుపు రంగు సన్నని పురుగులు కనబడి, ఒకటి రెండు ఎగిరి పడితే అది మల్లెనూ పాడుచేసే మొగ్గ ఈగే. ఈ పురుగు మట్టిలోకి దిగి కోశస్థ దశకు (ఈగగా మారే ముందు దశ) చేరుతుంది. అందుకే రాలిన మొగ్గల్ని ఏ పూటకాపూట ఏరి, పాలిథిన్ కవర్లో మూతి బిగించి ఎండలో పెట్టాలి. కుండీలోనే వదిలేస్తే ఎన్ని మందులు కొట్టినా దండగే. లోపల ఏమీ లేకపోతే అనుమానం నీటి మీద. మేడ మీది కుండీ వేసవిలో ఒక్క పూట ఎండినా మొగ్గలు రాలతాయి. ఎండాకాలం రెండు పూటలా నీళ్లు పోయండి. అడుగు రంధ్రంలోంచి వేర్లు బయటికొస్తుంటే 14 అంగుళాల కుండీకి మార్చండి.

చిగుళ్లకు పట్టిన తెల్లని పిండి, పిండినల్లి అనే పురుగు. ముడుచుకున్న చిగుళ్లను వేలెడు కిందికి కత్తిరించి సబ్బునీళ్లలో ముంచేయండి. 5 మి.లీ. వేపనూనెను 1 మి.లీ. ద్రవ సబ్బుతో ముందు బాగా గిలకొట్టి, లీటరు నీటిలో కలిపి ఆకుల అడుగున తడిసేలా వారానికోసారి మూడుసార్లు కొట్టండి. ఎండలో కొడితే ఆకులు మాడతాయి. నల్లి విసర్జించే తీపి జిగురు కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి, కుండీ కింద నీటి పళ్లెం పెట్టి వాటి దారి మూసేయండి. పిండినల్లిలాగే తెల్లగా ఉండి, దానికంటే పెద్దగా, చురుగ్గా పాకే పురుగులు కనిపిస్తే నలపకండి. అవి నల్లిని తినే క్రిప్టోలేమస్ అక్షింతల పురుగు పిల్లలు. పూజకూ తలనూనెకూ వాడే పూలు కనుక ఘాటు మందుల జోలికి పోవద్దు.

ఎరువుగా నెలకు రెండు గుప్పెళ్ల వర్మీకంపోస్టు, పదిహేను రోజులకోసారి లీటరు నీటిలో 5 గ్రా. సల్ఫేట్ ఆఫ్ పొటాష్ పిచికారీ సరిపోతాయి. పూత కొత్త కొమ్మలకే వస్తుంది కాబట్టి, కత్తిరించాక మళ్లీ మొగ్గ తొడగడానికి నెలన్నర, రెండు నెలలు పడుతుంది. అందాకా కుండీల చోటు మార్చకండి.