కుడిచెయ్యి జోలికి మాత్రం వెళ్లొద్దు తమ్ముడూ

నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పాలకొల్లు పక్కన ఊరు, డిగ్రీ రెండో సంవత్సరం. కిందటేడు నాన్నగారు పోయారు. ఆయన మొహం కుడిచేతి మీద, మోచేతి దగ్గర్నుంచి మణికట్టు దాకా టాటూ వేయించుకోవాలని నీకుంది. ఉద్యోగం రాదని అమ్మగారు ఏడుస్తున్నారు, ఈ రోజుల్లో ఎవరు చూస్తారని అన్నయ్య అంటున్నాడు. ఆర్మీకి గానీ, కేంద్ర బలగాల్లో కానిస్టేబుల్‌కి గానీ వెళ్దామనుకుంటున్నావు. అది కుదరకపోతే గల్ఫ్‌లో హోటల్ పని. ఇదీ నువ్వడిగింది.

నువ్వు మొదట కోరుకున్న ఉద్యోగానికి మాత్రం అమ్మగారి భయం నిజమే. నాకు జరిగింది కాబట్టి చెబుతున్నాను.

మాది రాజోలు వైపు. మా నాన్నమ్మకి రెండు ముంజేతుల మీదా పచ్చబొట్లుండేవి. ఎడమచేతి మీద తులసికోట, కుడిచేతి మీద తాతయ్య పేరు, గడ్డం మీద మూడు చుక్కలు. పెళ్లైన కొత్తలో ఎరుకల ఆవిడ అరుగు మీద కూర్చోబెట్టి, దీపం మసీ ఆకుపసరూ కలిపి, సూదులతో పొడిచిందట. నాట్లకి వెళ్లినా కొబ్బరిపీచు పనికి వెళ్లినా ఆ చేతులు చూసి నాన్నమ్మకి పని లేదన్నవాళ్లు లేరు. మనిషి పోతే ఒంటి మీది నగలన్నీ తీసేస్తారు, పచ్చబొట్టొక్కటే వెంట వస్తుందని ఆవిడ నమ్మకం. ఆ మాట వింటూ పెరిగినవాణ్ణి. అందుకే పద్దెనిమిదేళ్లప్పుడు, 2013లో, మా వైపు ఒక తీర్థంలో, అంటే జాతరలో, మిషను పెట్టుకుని కూర్చున్న మనిషి ముందు కుడిచెయ్యి చాపినప్పుడు తప్పు చేస్తున్నానని ఏ కోశానా అనిపించలేదు. ముంజేతి బయటివైపు అమ్మ పేరు, దాని మీద తిరునామం. పావుగంటలో అయిపోయింది. కొత్త సూది పెట్టాడో లేదో కూడా చూడలేదు. ఇప్పుడైతే అన్నిటికంటే ముందు అదే చూస్తాను. ఒకరికి వాడిన సూది ఇంకొకరికి వాడితే హెపటైటిస్ బి, సి, హెచ్ఐవి కూడా అంటుకోవచ్చు. టాటూ వేయించుకున్నవాళ్లని రక్తదానానికి 12 నెలలు ఆగమనేది ఈ భయంతోనే.

ఆ తర్వాత రెండేళ్లు నా బతుకంతా కాలవగట్టే. నాన్న కొబ్బరి దింపు తీసేవాడు. చెట్టెక్కడానికి తెల్లవారుజామున ఆయన బయల్దేరేసరికి నేనూ లేచి పరుగుకి వెళ్లేవాణ్ణి. ఐదు కిలోమీటర్లు 24 నిమిషాల్లో పూర్తి చెయ్యాలి. మొదట్లో ముప్పై పట్టేది, ఏడాదికి ఇరవై రెండుకి దించాను. ఎత్తు సరిపోయింది, ఛాతీ సరిపోయింది, రాతపరీక్ష గట్టెక్కాను. 2016లో మెడికల్‌కి పిలుపొచ్చింది. ఏ బలగమో చెప్పను. వాళ్ల తప్పేమీ లేదు, చదువుకోవాల్సిన కాగితం నేను చదవలేదు.

కళ్లు, చెవులు, మోకాళ్లు, పాదాలు, అన్నీ బాగున్నాయన్నారు. చివర్లో చొక్కా విప్పి రెండు చేతులూ చాపమన్నారు. డాక్టరుగారు నా కుడిచెయ్యి పట్టుకుని అటు తిప్పి ఇటు తిప్పి చూశారు. ఎన్నాళ్లైందని హిందీలో అడిగారు, చెప్పాను. కాగితం మీద ఒక్క లైను రాశారు. కుడి ముంజేతి మీద టాటూ ఉంది, అన్‌ఫిట్.

ఆ రాత్రి రైల్లో చొక్కా చేతులు మణికట్టు దాకా దించుకుని కూర్చున్నాను. ఇంటికొచ్చి రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. మూడో రోజు చెబితే నాన్న ఏమీ అనలేదు. అమ్మ మాత్రం నా చెయ్యి పట్టుకుని, "నా పేరే నీకు అడ్డమొచ్చిందా నాయనా" అంది. నీ ప్రశ్నలో అమ్మగారి సంగతి చదవగానే నాకు గుర్తొచ్చింది ఆ మాటే.

దారి పొడుగునా తిరునామమే కొంప ముంచిందనుకున్నాను, దేవుడి గుర్తులు ఉండకూడదేమోనని. తర్వాత రాజోలులో నెట్ సెంటర్‌లో ఆ వైద్య నిబంధనలు ప్రింటు తీయించుకుని, పక్కన డిక్షనరీ పెట్టుకుని చదివాను. అసలు సంగతి వేరే. సి.ఆర్.పి.ఎఫ్., బి.ఎస్.ఎఫ్. లాంటి కేంద్ర సాయుధ బలగాలన్నిటికీ హోం శాఖ పెట్టిన నిబంధన ఒకటే. మతచిహ్నాలు, దేవుడి బొమ్మలు, పేర్లు ఉండొచ్చు. వాటికి అభ్యంతరం లేదు. పట్టింపు చోటు మీద, సైజు మీద. ముంజేతి మీదైతే లోపలివైపే ఉండాలి, అదీ ఎడమచేతికే, ఎందుకంటే అది శాల్యూట్ కొట్టే చెయ్యి కాదు. చేతి వెనకభాగం మీద, అంటే అరచేతికి వెనకవైపు, కూడా ఉండొచ్చని రాశారు. సైజు ఆ భాగంలో నాలుగో వంతుకి తగ్గాలి. నాది శాల్యూట్ చెయ్యి, పైగా బయటివైపు. అమ్మ పేరు ఎడమచేతి లోపలివైపు చిన్నగా రాయించుకుని ఉంటే ఆ లైను నా కాగితం మీద పడేది కాదు.

చేతి వెనకభాగం పర్వాలేదన్నారు కదా అని కుడి అరచేతి వెనక వేయించుకోకు. అలా ఉన్నందుకే ఒక కుర్రాణ్ణి తిరస్కరిస్తే అతను ఢిల్లీ హైకోర్టుకి వెళ్లాడు. టాటూ తీయించుకుని మళ్లీ మెడికల్ బోర్డు ముందుకి వెళ్లడానికి 2022లో కోర్టు వీలు కల్పించింది. అంటే కోర్టు దాకా వెళ్లినా తీయించుకోవడం తప్పలేదు.

ఆర్మీ లెక్క కొద్దిగా వేరు. మోచేతి నుంచి మణికట్టు దాకా లోపలివైపు ఉండొచ్చు, చేతి వెనకభాగం మీద ఉండొచ్చు. భుజం, ఛాతీ, మెడ, పిక్క, ఇంకెక్కడున్నా కుదరదు. గిరిజన తెగల్లో ఆచారంగా వచ్చే పచ్చబొట్లకి మినహాయింపు ఉంది, మిగతావాళ్లకి అది వర్తించదు. ఎయిర్‌ఫోర్స్‌ది కూడా ఇంచుమించు ఇదే పద్ధతి.

ఇప్పుడు నువ్వు వేయించుకుందామంటున్న బొమ్మ సంగతి చూడు. కుడిచెయ్యి, మోచేతి నుంచి మణికట్టు దాకా. కేంద్ర బలగాల లెక్కలో చోటు దగ్గర ఒక దెబ్బ, సైజు దగ్గర ఇంకో దెబ్బ. మూడోది నువ్వు ఆలోచించి ఉండవు. ఆ నిబంధనలో మతచిహ్నాలు, దేవుడి బొమ్మలు, పేర్లు అన్న మాటలున్నాయి. మనుషుల మొహాలు అన్న మాట లేదు. లేని మాటని మెడికల్ రోజున ఎదుట కూర్చున్న డాక్టరు ఎలా తీసుకుంటారో ఆయన ఇష్టం. అందుకని నాన్నగారి మొహం కంటే నాన్నగారి పేరు క్షేమం. ఇంకొక సంగతి. చిన్న సైజులో మొహం వేయిస్తే నాలుగేళ్లకి ఇంకు చర్మంలో పాకి గీతలు అలుక్కుపోతాయి. నాన్నగారి కళ్లు ఆయన కళ్లలా ఉండకపోతే నువ్వు తట్టుకోగలవా? పేరు అలా కాదు, కొంచెం అలుక్కున్నా ఆయన పేరే.

తర్వాత లేజరు పెట్టించి తీయించుకోవచ్చులే అని అన్నయ్య అని ఉంటాడు. నేనూ కాకినాడలో చర్మం డాక్టరుగారి దగ్గరికి పరుగెత్తాను. ఆవిడ ఓపిగ్గా చెప్పారు. ఇంకు చర్మం పైపొరలో ఉండదు, దాని కింది పొరలో ఉంటుంది, అందుకే ఎంత రుద్దినా పోదు. లేజరు ఆ ఇంకుని పొడి చేస్తుంది, ఆ పొడిని ఒంట్లోని కణాలే మెల్లగా మోసుకుపోవాలి. ఒక్కసారితో అవదు. ఆరో, ఎనిమిదో, ఒక్కోసారి పదో సిట్టింగులు. సిట్టింగుకి సిట్టింగుకి మధ్య ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి. నలుపు తొందరగా పోతుంది, ఆకుపచ్చ, పసుపు మొండివి. మనలాంటి చామనఛాయ, నలుపు ఒంటి వాళ్లకి ఆ చోట తెల్లమచ్చ పడే ప్రమాదం కూడా ఎక్కువ. అన్‌ఫిట్ అన్నాక మళ్లీ పరీక్ష చేయించుకునే రివ్యూ మెడికల్‌కి గడువు రోజుల్లో ఉంటుంది, దీనికి కావలసింది నెలలూ ఏడాదీ. వయసు మాత్రం ఆగదు. మామూలుగా కానిస్టేబుల్‌కి వయసు హద్దు 23 ఏళ్లు, ఆర్మీలో అగ్నివీర్‌కి ఇంకా తక్కువ.

నాతో పాటు పరుగెత్తినవాడు ఒకడు డాక్టరు దగ్గరికి పోకుండా ఎవరో చెప్పారని జీడిగింజల రసం పూశాడు. పుండు పడి, చీము పట్టి, మానేసరికి ఆ చోట తాడులా ఉబ్బిన మచ్చ మిగిలింది. ఇంకు కూడా పూర్తిగా పోలేదు. సున్నం, యాసిడ్, ఇస్త్రీపెట్టె, ఇలాంటివి చెప్పేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఇప్పటికే టాటూ ఉన్నవాళ్లు ఇది చదువుతుంటే దండం పెట్టి చెబుతున్నాను, వాటి జోలికి పోకండి.

గల్ఫ్ సంగతికొస్తే, ఏ పని అన్నదాన్ని బట్టి ఉంటుంది. మా పెదనాన్నగారి అబ్బాయి దోహాలో ఒక హోటల్ వంటగదిలో ఉన్నాడు, భుజం నిండా టాటూ ఉంది, పైన కోటు వేసుకుంటాడు కాబట్టి ఎవరికీ పట్టలేదు. అదే హోటల్లో రెస్టారెంట్ వైపు మారదామంటే చెవి పోగు తీసెయ్యమన్నారు, తీసేశాడు. పోగు తీస్తే వస్తుంది, టాటూ రాదు, ఆ రెండిటికీ ఉన్న తేడా అది. అతిథులకి ఎదురుగా నిలబడే పని ఎక్కడైనా, యూనిఫాంలో నుంచి ఏం కనపడుతుందనేదే వాళ్ల లెక్క. ఎమిరేట్స్ విమానాల్లో క్యాబిన్ క్రూకి యూనిఫాంలో కనపడే టాటూ ఉండకూడదు, మేకప్పుతోనో ప్లాస్టర్‌తోనో కప్పుకుంటామన్నా ఒప్పుకోరు. నీకు హోటల్ పనే ఖాయమైతే కూడా మోచేతి కింద ఖాళీగా ఉంచుకోవడం మంచిది.

నా సంగతి పూర్తి చేస్తాను. అన్‌ఫిట్ అయ్యాక ఒక ఫైనాన్స్ కంపెనీలో వసూళ్ల పనికి ఇంటర్వ్యూకి వెళ్లాను. మేనేజరు అన్ని ప్రశ్నలూ అడిగి, నా చెయ్యి చూసి, "పల్లెల్లో ఆడవాళ్ల గ్రూపుల దగ్గరికి వెళ్లాలి, నిన్ను చూస్తే వాళ్లు ఏమనుకుంటారో" అన్నాడు. మా పల్లెల్లో ప్రతి ముసలమ్మ చేతి మీదా పచ్చబొట్టు ఉంటుందని అప్పుడు నోట రాలేదు. ఇప్పటికీ ఆ మాట అనాల్సిందనే ఉంటుంది నాకు. అమ్మ పేరు రాసుకున్నవాణ్ణి రౌడీలా చూడటం అన్యాయం. అన్యాయమే గానీ, ఆ కుర్చీలో కూర్చున్నది అతను, జీతం కావలసింది నాకు.

ఆ తర్వాత భీమవరం వైపు రొయ్యల ప్లాంటులో చేరాను, సూపర్‌వైజర్ దాకా వచ్చాను. అక్కడ టాటూ సంగతే లేదు. గౌను, గ్లౌజులు, టోపీ, మాస్కు వేసుకున్నాక కళ్లు తప్ప ఏమీ కనపడవు. అక్కడ ఇబ్బంది పడేది మా ఆడపిల్లలు. ముక్కుపుడక, చెవిదిద్దులు, గాజులు అన్నీ తీసి లోపలికి రావాలి, గోళ్లరంగు కూడా ఉండకూడదు. చిన్న రాయి ఊడి రొయ్యల్లో పడితే సరుకంతా వెనక్కి వస్తుంది. పెళ్లైన పిల్లలు ముక్కుపుడక తియ్యడానికి మొదటి రోజు కళ్లనీళ్లు పెట్టుకునేవారు. వాళ్లకి ఆ కారణం విడమరిచి చెబితే తీసేవారు, కసిరితే మర్నాడు పనికి వచ్చేవారు కాదు.

సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇదంతా పెద్ద సమస్య కాదు. బ్యాంకు పరీక్షల నోటిఫికేషన్లలో కూడా టాటూ గురించి నిషేధం లేదు. ఆ దారులు నువ్వడగలేదు కాబట్టి ఇంతటితో వదిలేస్తున్నాను.

ఇప్పుడు సెలవు రోజుల్లో మా ఊరి కుర్రాళ్లకి అదే కాలవగట్టు మీద పరుగు నేర్పిస్తున్నాను. కొత్తగా వచ్చినవాణ్ణి టైము అడగను, ముందు చొక్కా విప్పి చేతులు చూపించమంటాను. టాటూ ఉంటే స్కేలు పెట్టి కొలిచి, అది ఏ ఉద్యోగానికి అడ్డమో ఆ రోజే చెబుతాను. రెండేళ్లు పరుగెత్తాక తెలియడం కంటే అది నయం.

నువ్వు ఇంకా వేయించుకోలేదు, అదొక్కటీ నాకు ఊరట. మెడికల్ పూర్తయ్యేదాకా ఆగగలిగితే ఆగు. నాన్నగారి ఫోటో పర్సులో పెట్టుకుని పరుగెత్తు. ఆగలేనంత బాధగా ఉంటే, ఎడమచేతి లోపలివైపు, నల్ల ఇంకుతో, ఆయన పేరు, రెండు అంగుళాలు మించకుండా. సూది నీ కళ్లముందే ప్యాకెట్ చించి తియ్యాలి. ఏ నోటిఫికేషన్‌కి అప్లై చేస్తున్నావో దాని మెడికల్ భాగం నువ్వే చదువు, నిబంధనలు మారుతుంటాయి. అమ్మగారిని పక్కన కూర్చోబెట్టుకుని ఇది చదివి వినిపించు. నీ ఎత్తెంతో, ఐదు కిలోమీటర్లు ఇప్పుడు ఎంతలో పూర్తి చేస్తున్నావో నాకు రాయి.