రెండెత్తుల్లో ఆటకట్టు... దారులూ రెండుంటే?

ప్ర: మా అమ్మాయి ఏడో తరగతి. లెక్కల నోటుబుక్కులో సొంతంగా ఓ చదరంగం పజిల్ గీసింది. తెల్ల రాజు ఎఫ్6 (ఎఫ్ నిలువువరుస, ఆరో అడ్డవరుస కలిసే గడి), తెల్ల మంత్రి ఎ1, నల్ల రాజు జి8. ఎత్తు తెల్లది, రెండెత్తుల్లో ఆటకట్టు. మంత్రిని ఎ7కి జరపాలన్నది తన జవాబు. తరగతిలో ఇంకో పిల్లాడు హెచ్1కి జరిపినా అవుతుందంటున్నాడు. ఎవరిది సరి?
- ఓ తల్లి, కర్నూలు

జ: ఇద్దరిదీ సరే. చిక్కంతా అక్కడే ఉందమ్మా.

మంత్రి ఎ7కి వస్తే ఏడో అడ్డవరుస మూసుకుపోతుంది. నల్ల రాజుకు హెచ్8, ఎఫ్8 మిగులుతాయి. హెచ్8కి పోతే మంత్రి జి7లో, ఎఫ్8కి పోతే ఎఫ్7లో దిగుతుంది. ఎఫ్6 రాజు కాపు ఉంది కాబట్టి దాన్ని కొట్టడం కుదరదు. హెచ్1కి జరిపితే హెచ్ నిలువువరుస మూసుకుపోయి, నల్ల రాజుకు ఎఫ్8 ఒక్కటే దారి. అప్పుడు మంత్రి కర్ణం మీదుగా ఎ8కి వెళ్లి కట్టేస్తుంది. ఓ మూల నుంచి రెండో మూలకు, అక్కడి నుంచి మూడో మూలకు! మాకైతే ఆ పిల్లాడి దారే ముచ్చటగా ఉంది.

కూర్చినవాళ్లు అనుకోని ఇలాంటి రెండో తొలి ఎత్తును 'కుక్' అంటారు. అది ఉంటే పజిల్ చెల్లదు. దిద్దడం మాత్రం తేలికే. హెచ్2లో తెల్ల బంటు పెడితే హెచ్ వరుసకు అడ్డుపడి ఎ7 ఒక్కటే మిగులుతుంది. అదే బంటును ఎ2లో పెడితే ఎ7 దారి మూసుకుపోయి హెచ్1 మిగులుతుంది. ఏది ఉంచాలో అమ్మాయే తేల్చుకోవాలి.

అయినా ఓ మచ్చ ఉండిపోతుంది. ఎ7 తర్వాత రాజు ఎఫ్8కి పోతే మంత్రి ఎఫ్7లోనే కాదు, ఎ8లో, బి8లో కూడా కట్టేస్తుంది. హెచ్1 దారిలోనూ చివర ఎ8, హెచ్8 రెండూ పనిచేస్తాయి. దీన్ని 'డ్యూయల్' అంటారు. మంత్రికి బలం మరీ ఎక్కువ, ఖాళీ బల్ల మీద దానికి ఎటు తిరిగినా పని దొరుకుతుంది. ఏనుగుతో కూర్చమనండి. తెల్ల రాజు ఎఫ్6, ఏనుగు జి1, నల్ల రాజు హెచ్8. జవాబు రాజును ఎఫ్7కి జరపడం. నల్ల రాజు హెచ్7కి పోక తప్పదు, ఏనుగు హెచ్1తో ఆటకట్టు. వేరే దారి లేదు. తొందరపడి ఏనుగును జి7లో పెడితే చెక్ ఉండదు, నల్లకు కదలడానికి గడీ ఉండదు. స్టేల్‌మేట్, ఆట డ్రా.

ఇంకోటి. మీరు పంపిన బొమ్మలో ఎ1 తెల్లగడిగా ఉంది. తెల్లవైపు కూర్చున్నవారి ఎడమచేతి మూల ఎప్పుడూ నల్లగడే.

ప్ర: పంతొమ్మిదో శతాబ్దపు అమెరికా చదరంగ మేటి పాల్ మోర్ఫీ పేరున ఉన్న పజిల్. తెల్ల: రాజు సి8, ఏనుగు ఎ1, బంటు బి6. నల్ల: రాజు ఎ8, శకటు బి8, బంట్లు ఎ7, బి7. రెండెత్తుల్లో కట్టాలి. ఎ7 బంటును ఏనుగుతో, బంటుతో కొట్టి చూశాను, కుదరలేదు.
- విద్యార్థి, అనంతపురం

జ: దేనితో కొట్టినా శకటు ఎ7లో తిరిగి కొడుతుంది, దాడి అక్కడే చల్లారుతుంది. ముందు నల్లకు ఏ ఎత్తులున్నాయో రాసుకోండి. శకటు కదిలితే ఏనుగు ఎ7 కొట్టి కట్టేస్తుంది, బి6 బంటు కాపు ఉంది. కాబట్టి ఊరికే ఓ ఎత్తు గడిపితే చాలనిపిస్తుంది. ఏనుగును ఎ2కి జరిపారనుకోండి, నల్ల ఎ7 బంటును ఎ6కి తోసి తప్పించుకుంటుంది. ఆ బంటును ఆపాలి. అందుకే ఏనుగు ఎ6! బి7 బంటు దాన్ని కొడితే బి7 గడి ఖాళీ అవుతుంది, మీ బి6 బంటు అక్కడికి అడుగేస్తే ఆటకట్టు. కొట్టకపోతే శకటు కదలాల్సిందే. ఏనుగును ఎరగా వేయడం మనసుకు తట్టదు, అందుకే దొరకలేదు.

ప్ర: ఫోన్‌లో ఇంజన్ (ఎత్తులు లెక్కకట్టే చదరంగం ప్రోగ్రాం) 'రెండెత్తుల్లో మేట్', అంటే ఆటకట్టు, అని చూపిస్తే పజిల్ సరైనట్టేనా?
- పాఠకుడు, కడప

జ: కాదు. అది ఒక దారి ఉందని మాత్రమే చెబుతుంది. లిచెస్ అనే చదరంగం వెబ్‌సైట్‌లోని విశ్లేషణ బల్లలో సెట్టింగ్స్‌కు వెళ్లి, చూపించే లైన్ల (ఎత్తుల వరసల) సంఖ్యను 5 చేయండి. మొదటి లైనుకు రెండెత్తుల మేట్, రెండో లైనుకు మూడు లేదా అంతకంటే ఎక్కువ వస్తే కుక్ లేదు. రెండో లైనుకూ రెండే వస్తే కర్నూలు అమ్మాయి పజిల్ గతే. తర్వాత తొలి ఎత్తు వేసి, నల్ల ఇచ్చే ప్రతి జవాబుకూ ఇదే పని మళ్లీ చేస్తే డ్యూయల్స్ బయటపడతాయి.

ఎత్తు తెల్లదైతే మొదట్లోనే నల్ల రాజు చెక్‌లో ఉండకూడదు. ఉదాహరణకు కర్నూలు అమ్మాయి పజిల్‌లో మంత్రిని ఎ1 బదులు ఎ2లో గీస్తే, అది కర్ణం మీదుగా జి8 రాజుకు చెక్ ఇస్తూ ఉంటుంది. నిజమైన ఆటలో అలాంటి స్థితి రాదు.